మన బస్తీల హెచ్ఐవీ పని మనమే షురూ చేయాలంటే

పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిండు, "అక్కా మేము పది మందిమి ఉన్నం, మా దిక్కు హెచ్ఐవీ మీద ఏదన్న చేద్దాం అనుకుంటున్నం, బ్యానర్ కొట్టించమంటవా, ఎంత సైజు పెట్టాలె" అని. నేను నవ్విన. బ్యానర్ మాత్రం అస్సలు వద్దురా అన్న. హెచ్ఐవీ అని రాసి ఉన్న బ్యానర్ కింద ఎవడు నిలబడతడు, నిలబడ్డోన్ని చూసి గల్లీ మొత్తం ఏమనుకుంటది? ఆ రోజు ఫోన్‌ల గంటసేపు చెప్పింది, తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు అడిగితే మల్ల మల్ల చెప్పింది, ఇక్కడ ఒక్క దగ్గర రాస్తున్న. నేను ట్రాన్స్ ఉమన్‌ని, మొదట పీర్‌గా (మనోళ్లల్ల ఒకరిగనే మనోళ్ల మధ్య తిరిగి చెప్పే మనిషిగ) చేసిన, తర్వాత ఔట్‌రీచ్ వర్కర్‌గా చేసిన, డాక్టర్‌ని కాదు. మందుల సంగతి ఏదైనా చివరికి ఏఆర్టీ సెంటర్ (హెచ్ఐవీ మందులు ఇచ్చే సర్కారు సెంటర్) డాక్టర్‌నే అడగాలె, నేను చెప్పేది ఆ డాక్టర్ దాకా మనిషిని ఎట్ల తీస్కపోవాలె అనే ముచ్చట.

ముందు హెచ్ఐవీ మాటే ఎత్తకండి

నిజంగనే చెప్తున్న. మొదటి నెల రోజులు కూర్చొని వినుడే పని. రోడ్డు మీద పని చేసే అక్కలు, డేరాల (హిజ్రాలు గురువుతోని కలిసి ఉండే ఇంట్ల) ఉండే మనోళ్లు, ఇంట్ల నుంచే ఫోన్ల మీద పని చేసే ఆడోళ్లు, ఇంట్ల ఎవరికీ చెప్పుకోని కోతి పిల్లలు (ఆడతీరు ఉండి మగోళ్లను ఇష్టపడే మగపిల్లలు), సూదితోని మత్తుమందు ఎక్కించుకునేటోళ్లు, వీళ్లను "మీ సమస్య ఏంది" అని అడిగితే హెచ్ఐవీ అని ఎవ్వరూ అనరు. పోలీసోళ్లు రాత్రి కొట్టిండ్రు అంటరు, కిరాయి ఇల్లు దొరుకతలేదు అంటరు, పిల్లకు స్కూల్ల తండ్రి పేరు అడుగుతున్నరు అంటరు, ఆధార్ లేదు అంటరు. అయ్యే మీ మొదటి పనులు. ఒక్క ఆధార్ చేయించి ఇవ్వండి, ఆ అక్క రేపు మీరు రమ్మంటే టెస్టుకు వస్తది, తనతోని ఇంకో నలుగురిని తోల్కొస్తది.

ఆధార్ అంటే గుర్తొచ్చింది, 2022 మే నెలల సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఉన్నయి, సెక్స్ వర్కర్ల దగ్గర అడ్రస్ ప్రూఫ్ లేకున్నా న్యాకోల (కేంద్ర సర్కారు ఎయిడ్స్ కంట్రోల్ సంస్థల) ఉండే గెజిటెడ్ ఆఫీసర్ గానీ, రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ సర్టిఫికెట్ ఇస్తే దాని మీద ఆధార్ ఇయ్యాలె, ఆ కార్డు మీద వాళ్ల పని ఏందో తెలిసేటట్టు ఏ గుర్తూ ఉండొద్దు. మన తెలంగాణల ఆ సొసైటీని టీశాక్స్ అంటరు. ఈ సంగతి చాలా మంది అక్కలకు ఇప్పటికీ తెల్వదు.

ఇట్ల వాళ్ల చేతికే పని అప్పజెప్పుడు కొత్త ఐడియా ఏం కాదు. కోల్‌కతా సోనాగాచీల 1992ల డాక్టర్ స్మరజిత్ జానా పని మొదలువెట్టినప్పుడు అక్కడి ఆడోళ్లనే పీర్లుగా తీసుకున్నడు, వాళ్లే గడప గడపకు తిరిగిండ్రు, తర్వాత వాళ్లే సంఘం పెట్టుకున్నరు. బయటినుంచి వచ్చిన మేడమ్ కండోమ్ గురించి చెప్తే తలకాయ ఊపి పంపిస్తరు, పక్క రూమ్ అక్క చెప్తే "సరే గని కస్టమర్ ఒప్పుకోకుంటే ఏం చేయాలె" అని అసలు ప్రశ్న అడుగుతరు. ఆ అసలు ప్రశ్న దాకా పోనిది ఎన్ని మీటింగులు పెట్టినా వేస్టు.

ఎవరెక్కడ ఉన్నరు

నేల మీద చాక్‌పీస్‌తోని గీయండి. బస్టాండు ఇక్కడ, కల్లు కాంపౌండ్ ఇక్కడ, పార్కు గోడ ఇక్కడ అని గీసుకుంట, ఎవరు ఏ టైమ్‌ల ఎక్కడ ఉంటరో చింతగింజలు పెట్టుకుంట పోతే గంటల బస్తీ మొత్తం కండ్ల ముందటికి వస్తది. పొద్దుగాల ఆరింటికి లేబర్ అడ్డా దగ్గర ఉన్న మనుషులు వేరే, రాత్రి పదకొండింటికి అదే జాగల నిలబడే మనుషులు వేరే. గీసినంక ఫోటో తీయకండి, తుడిచేయండి. ఫోన్ మ్యాప్‌ల పిన్నులు పెట్టుడు, ఎక్సెల్‌ల పేర్లు రాసుడు అస్సలు వద్దు, నంబర్ కోడ్ పెట్టుకోండి, ఆ కోడ్‌కు పేరు ఏందో ఒక్కరి దగ్గరనే ఉండాలె, తాళం వేసి. ఆ జాగల పేర్లు నేను గూడ ఇక్కడ రాస్తలేను, ఎందుకో మీకు తెలుసు.

ఇంకోటి, అందరినీ ఒక్క గంపల వేయకండి. ఇంట్ల పిల్లలు ఉన్న ఆడమనిషి, డేరాల ఉన్న హిజ్రా, పెండ్లయ్యి పెండ్లాం ఉన్న కోతి, వీళ్లను ఒక్క రూమ్‌ల కూర్చోవెడితే ఎవ్వరూ నోరు విప్పరు. డేరాకు పోతే ముందు గురువు దగ్గరికే పోవాలె, పాంపడ్తి (హిజ్రాల దండం) చెప్పాలె, చాయ్ తాగాలె, చేలాలతోని (శిష్యులతోని) మాట్లాడొచ్చా అని అడగాలె. గురువును దాటి డైరెక్టుగ చేలా చేతిల పాంప్లెట్ పెట్టిన ఒక సారు సంగతి నాకు తెలుసు, ఆ గేటు తర్వాత మాకు గూడ ఆరు నెలలు తెరుచుకోలేదు. గురువు ఒప్పుకుంటే మాత్రం సగం పని ఆమెనే చేస్తది, "ఏందే నువ్వు మందు వేసుకున్నవా" అని గురువు ఒక్కసారి గద్దిస్తే మన వంద కౌన్సెలింగులతోని సమానం.

ఒక్క పీర్ చేతిల యాభై అరవై మందికి మించి పెట్టకండి. అంతకంటే ఎక్కువైతే మొఖాలు గుర్తుండయి, రిజిస్టర్‌ల టిక్కులే మిగుల్తయి. పీర్లకు పైసలు ఇయ్యండి, ఎంతో కొంత. సేవ సేవ అని ఊరికే తిప్పుకునుడు నాకు నచ్చదు, ఆ మనిషి ఆ రాత్రి తన పని వదులుకొని మీ ఎంబడి తిరుగుతుంది.

మీ ఏరియాల ఇప్పటికే టీఐ ప్రాజెక్టు (రిస్క్ ఎక్కువ ఉన్నోళ్ల మధ్య హెచ్ఐవీ ఆపే సర్కారు ప్రాజెక్టు) నడిపే ఎన్జీవో ఉందా చూసుకోండి, ఉంటే వాళ్లతోని కలిసి చేయండి, కొట్లాట పెట్టుకోకండి. 1097 అని టోల్ ఫ్రీ నంబర్ ఉంది, న్యాకోది, దగ్గర్ల టెస్టింగ్ సెంటర్ ఏది, ఏఆర్టీ ఎక్కడ అని అడిగితే చెప్తరు. మీరు ఇయ్యాల్సింది మందులు కాదు, మందులు సర్కారే ఫ్రీగ ఇస్తది, మీరు చేయాల్సింది అక్కడిదాక ఎంబడి పోవుడు.

కండోమ్ పంచుడు

ఇది తేలికనుకుంటరు. సంచి నిండా తీస్కపోయి ఇచ్చి వచ్చుడు పంపిణీ అయితది గని నివారణ కాదు. ఎన్ని కావాలె అని అడగండి, వారానికి ఎన్ని సరిపోతయో వాళ్లకే తెలుసు. ఎండాకాలం బండి డిక్కీల పెట్టి తిప్పకండి, మే నెలల మన ఎండకు రబ్బరు ఖరాబైతది, పర్సుల నెలలకు నెలలు మడతపెట్టి ఉంచుకున్నదిగూడ పనికిరాదు. డేట్ చూడుడు నేర్పియ్యండి, చదువు రానోళ్లకు అంకెలు గుర్తుపట్టుడు నేర్పిస్తే చాలు. కొబ్బరినూనె, వాజిలిన్ రాస్తే కండోమ్ పగుల్తది, నీళ్లతో చేసిన లూబ్ మాత్రమే వాడాలె, ఇది మా కోతి పిల్లలకు, ట్రాన్స్ అక్కలకు తప్పకుండ చెప్పాలె, చాలా మందికి ఇంట్ల ఉన్న కొబ్బరినూనె డబ్బానే అలవాటు.

పోలీసులు బ్యాగు వెతికి కండోమ్‌లు దొరికితే "ఇదిగో సాక్ష్యం" అంటరని భయపడి అసలు పెట్టుకోనోళ్లు ఉన్నరు. పైన చెప్పిన సుప్రీంకోర్టు ఆదేశాలల్ల ఆ సంగతి గూడ ఉంది, ఆరోగ్యం కోసం వాడే కండోమ్‌లను నేరంగా గానీ నేరానికి సాక్ష్యంగా గానీ చూడొద్దని. దాన్ని తెలుగుల ఒక పేజీ రాయించి జిరాక్సులు తీసి ఇయ్యండి. కాగితం చూపెడితే ప్రతిసారి పని అయితదని నేను అనను, గని చేతిల కాగితం ఉన్న మనిషి నిలబడే తీరే వేరే ఉంటది.

సూది వాడేటోళ్లకు వేరే లెక్క. మానేయమని క్లాసు పీకకండి, కొత్త సూది కొత్త సిరంజి ఎవరిది వాళ్లే వాడాలె, ఒకరిది ఇంకొకరికి వద్దు, నోటి మందు మీదికి మారే బుప్రినార్ఫిన్ చికిత్స సర్కారు సెంటర్లల్ల ఉంటది అని చెప్పి తోల్కపోండి.

టెస్టు

బలవంతం వద్దు, టార్గెట్ కోసం అసలే వద్దు. మనిషి ఒప్పుకోకుండ టెస్టు చేసుడు చట్టం ప్రకారం గూడ తప్పు. ఐసీటీసీ అంటే సర్కారు దవాఖానల ఉండే కౌన్సెలింగ్ టెస్టింగ్ సెంటర్, ఫ్రీ, రిపోర్టు కౌన్సెలరే చేతికిస్తరు. అక్కడికి రాలేనోళ్లకు బస్తీలనే వేలు గుచ్చి చేసే స్క్రీనింగ్ పెడతరు, దానికి ట్రైనింగ్ అయినోళ్లే చేయాలె. ఇక్కడ ఒక సంగతి గట్టిగ పట్టుకోండి: వేలు గుచ్చిన టెస్టుల రెండో గీత వచ్చిందంటే పాజిటివ్ అని కాదు. "ఇంకోసారి సెంటర్‌ల చూపించుకోవాలె" అంతే. ఐసీటీసీల మూడు వేరే వేరే కిట్లతోని చూసినంకనే పాజిటివ్ అని చెప్తరు. గల్లీల నిలబడి మొఖం మాడ్చుకొని ఆ పట్టీ దిక్కు చూసే వాలంటీర్‌ను మాత్రం దయచేసి పెట్టుకోకండి, మన మొఖం చూసే వాళ్లు రిజల్ట్ చదువుతరు.

విండో పీరియడ్ గురించి చెప్పండి. నిన్న రిస్క్ అయి ఇయ్యాల టెస్టు చేయించుకొని నెగెటివ్ వచ్చిందని పండుగ చేసుకునేటోళ్లు ఉంటరు. వైరస్ వచ్చినంక టెస్టుకు దొరకనీకి టైమ్ పడతది, అందుకే మూడు నెలలకు మల్లోసారి చూసుకోవాలె. రిస్క్ ఉన్న పనిల ఉన్నోళ్లు ఎట్లయినా ఆరు నెలలకోసారి చేయించుకోవాలె, దానితోపాటే సిఫిలిస్ గూడ. చీము, పుండు, మంట ఉంటే మెడికల్ షాపుల అడిగి గోలీ కొనుక్కోకుండ సర్కారు దవాఖానల సురక్ష క్లినిక్‌కు పంపండి, అక్కడ ఏ లక్షణానికి ఏ రంగు కిట్ అని సెట్ చేసి పెట్టి ఉంటయి, మందు ఫ్రీ.

కండోమ్ చినిగిందా, ఎవడన్న బలవంతం చేసిండా, 72 గంటలు గుర్తువెట్టుకోండి. ఆ లోపల, ఎంత తొందరగ అయితే అంత మంచిది, పెద్ద దవాఖానల క్యాజువాలిటీకి గానీ ఏఆర్టీ సెంటర్‌కు గానీ పోతే పెప్ అని మందు ఉంటది, 28 రోజులు వేసుకోవాలె. పొద్దుగాల ఓపీ దాకా ఆగుదాం అనుకోకండి. ఇంకా ప్రెప్ అని ఉంది, రిస్క్ ముందే తెలిసినోళ్లు నెగెటివ్ ఉన్నప్పుడే రోజూ ఒక గోలీ వేసుకునేది, డాక్టర్ చిట్టీ మీద దొరుకతది, షురూ చేసే ముందు టెస్టు కావాలె, మధ్యమధ్యల గూడ కావాలె. ప్రెప్ హెచ్ఐవీని ఆపుతది గని సిఫిలిస్‌ను ఆపదు, అందుకే కండోమ్ పక్కన పెట్టొద్దు. పెప్, ప్రెప్ రెండూ వినడానికి ఒక్కతీరే ఉంటయి, మా పిల్లలు కలిపేసుకుంటరు, అందుకని "అయినంక మందు", "కాకముందు మందు" అని చెప్తం మేము.

రిజల్ట్ వచ్చిన మొదటి వారం

అన్నిట్ల పెద్ద పని ఇదే, మస్తు మంది గ్రూపులు ఇక్కడనే వదిలేస్తరు, టెస్టు లెక్క చూపిచ్చి.

ఒక అక్క ఉండె, పేరు వద్దు. కౌన్సెలర్ చెప్పినప్పుడు ఏడ్వలేదు, "సరే మేడమ్" అన్నది, బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని నన్ను అడిగిన మొదటి మాట, "ఇయ్యాల ఇంట్ల వంట చేయొచ్చా". ఆమె భయం చావు గురించి కాదు, పిల్లలకు పెట్టే అన్నం గురించి. నేను ఏ లెక్చరూ ఇయ్యలేదు. పక్కన బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పిన, ఆమె సగం తాగి గ్లాసు కింద పెట్టంగనే మిగిలిన సగం నేను తాగిన. చూసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కూరగాయలు కొనుక్కొని పోదాం అన్నది. వంటతోని, ఒక్క కంచంల తినుడుతోని, ముద్దు పెట్టుకునుడుతోని, దోమతోని రాదని మనకు నోటికి వస్తది, గని ఆ టైమ్‌ల చెవులు పనిచేయయి.

ఆ వారంల మనిషిని ఒంటరిగ వదలకండి. రెండు రోజులల్ల ఏఆర్టీ సెంటర్‌కు ఎంబడి పోండి. హైదరాబాద్‌ల గాంధీల ఉంది, ఉస్మానియాల ఉంది, ఎర్రగడ్డ ఛాతీ దవాఖానల ఉంది, పిల్లలకు నీలోఫర్‌ల ఉంది. ఐసీటీసీ రిపోర్టు, ఆధార్ జిరాక్స్, ఫోటోలు, నీళ్ల బాటిల్, తిననీకి ఏదన్న పట్టుకొని పొద్దుగాలే పోండి. మొదటి రోజు తిప్పుతరు, ఇక్కడ పేరు రాసుకుంటరు, అక్కడ బరువు చూస్తరు, ఇంకోదగ్గర రక్తం తీస్తరు, సీడీ4 (ఒంట్ల రోగంతోని కొట్లాడే కణాల లెక్క) చూస్తరు, దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గినవా, రాత్రి చెమటలు పడుతున్నయా అని టీబీ కోసం నాలుగు ప్రశ్నలు అడుగుతరు. ఆ నాలుగు ప్రశ్నలకు నిజం చెప్పమని ముందే చెప్పండి, హెచ్ఐవీ ఉన్నోళ్లను ఎక్కువ చంపేది టీబీనే. తిరుగుడు చూసి సగం మంది "రేపొస్త" అని లేస్తరు, ఆ రేపు రాదు. మీరు ఎంబడి ఉండేది అందుకే, లైన్ల నిలబడనీకి.

2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా సరే పాజిటివ్ వచ్చినోళ్లందరికీ మందు ఇస్తున్నరు, వెనకట లెక్క నంబర్ పడిపోయేదాక ఆగే పని లేదు. ఎక్కువ మందికి ఇచ్చేది టీఎల్డీ, మూడు మందులు కలిపి ఒక్కటే గోలీ, రోజుకు ఒక్కటి. మొదటి వారాలల్ల నిద్ర పట్టకపోవుడు, తలనొప్పి కొందరికి ఉంటది, తగ్గుతది, రాత్రి నిద్ర రాకుంటే పొద్దుగాలకు మార్చొచ్చా అని డాక్టర్‌ను అడగండి. గ్యాస్ గోలీలు, ఐరన్, క్యాల్షియం గోలీలు దీనితోని ఒక్కసారే మింగితే మందు సరిగ ఎక్కదు, ఎడం పెట్టాలె, ఏమేం వాడుతున్నరో అన్నీ చెప్పాలె. ట్రాన్స్ అక్కలల్ల ఇంకో భయం ఉంటది, ఈ మందు వేసుకుంటే హార్మోన్లు పనిచేయయి, మల్ల గడ్డం వస్తది అని. దాంతోని ఏఆర్టీ మానేసినోళ్లను నేను చూసిన. టీఎల్డీకి మనం వాడే ఈస్ట్రోజన్‌కు కొట్లాట లేదు, రెండూ నడుస్తయి, డాక్టర్‌కు దాయకుంటే చాలు.

ఆరు నెలలకు, మల్ల ఏడాది నిండినంక వైరల్ లోడ్ (రక్తంల వైరస్ ఎంత ఉందో) చూస్తరు, తర్వాత ఏడాదికోసారి. మందు సక్కగ వేసుకుంటే వైరస్ మిషన్‌కు గూడ దొరకనంత తగ్గుతది, అట్ల దొరకనంత తగ్గినోళ్ల నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. ఈ ఒక్క వాక్యం విన్నంక మనుషుల మొఖాల రంగు మారుడు నా కండ్లతోని చూసిన, రిజల్ట్ రోజే చెప్పండి, దాచకండి. కడుపుతోని ఉన్న అక్కలకైతే ఇంకా తొందరపడాలె, మందు లేకుంటే బిడ్డకు పోయే అవకాశం నూటికి 15 నుంచి 45 దాక, తల్లి టైమ్‌కు మందు వేసుకొని, బిడ్డకు మందు పోస్తే 5 కంటే తక్కువకు దిగుతది.

రోజూ గోలీ అనే తంటా

ఏఆర్టీల ఇచ్చే పచ్చ బుక్కు ఉంటది, గ్రీన్ బుక్ అంటం. తెలిసినోళ్లకు దూరం నుంచే తెలిసిపోతది. ఒక అక్క దాన్ని గ్యాస్ బుక్ అట్టల పెట్టుకుంటది, ఇంకో అక్క పాత క్యాలెండర్ కాగితం వేసి మీద "చీటీ పైసలు" అని రాసుకున్నది. గోలీలు విటమిన్ డబ్బాల పోసుకుంటమంటే సరే గని తేమ తగలకుండ, పిల్లలకు అందకుండ పెట్టుకోమనండి. దాచిపెట్టుకునే తెలివి వాళ్లకు మనకంటే ఎక్కువ, మనం అడిగి నేర్చుకునుడే.

మందు తప్పేది బద్ధకంతోని కాదు. మా దగ్గర ఆషాఢం బోనాలప్పుడు రాత్రి పగలు తెల్వదు, సంక్రాంతికి ఊరికి పోతే అత్తగారింట్ల సంచి ఎవరు విప్పుతరో అని తీస్కపోరు, పోలీసు స్టేషన్ల రాత్రి కూర్చోవెడితే గోలీ ఇంట్లనే ఉంటది. అందుకే పండుగ ముందటి వారం ఫోన్లు చేసి ఎన్ని గోలీలు ఉన్నయో అడగాలె. మంచిగ నిలకడగ ఉన్నోళ్లకు రెండు మూడు నెలల మందు ఒక్కసారే ఇచ్చే పద్ధతి ఉంది, అడిగి తీసుకోండి. ఊర్ల ఇరుక్కుంటే దగ్గర్ల ఉన్న ఏఆర్టీ సెంటర్‌కు గ్రీన్ బుక్ తీస్కపోయి అడగాలె, ఉత్తగ మానేయొద్దు.

2020 మార్చిల లాక్‌డౌన్ అప్పుడు ఏమైందో యాది ఉందా, అమీర్‌పేట మెట్రో దగ్గర పోస్టర్లు అతికిచ్చిండ్రు, హిజ్రాలతోని మాట్లాడితే కరోనా వస్తది, కొట్టి తరమండి అని. బయటికి పోతే కొడ్తరు, పోకుంటే గోలీలు అయిపోతయి. అప్పుడు బండ్లు ఉన్న పిల్లలు పాసులు తీసుకొని ఇండ్ల దాక మందులు పట్టుకపోయిండ్రు. స్టాక్ సంగతి గూడ గట్లనే, 2022ల మందులు లేవని పాజిటివ్ ఉన్నోళ్లు ఢిల్లీల న్యాకో ఆఫీసు ముందట నెలకు పైగ కూర్చున్నరు. మీ సెంటర్‌ల నెలది ఇయ్యకుండ వారానికో పది రోజులకో ఇస్తున్నరంటే స్టాక్ తక్కువుందని అర్థం, అది రాసిపెట్టుకొని పైకి చెప్పండి.

నేను చేసిన తప్పు

ఇది రాయబుద్ధి కాలేదు గని రాయాలె. మొదట్ల మందు యాది చేయనీకి అని వాట్సాప్ గ్రూపు పెట్టిన, దాని పేరు "ఏఆర్టీ రిమైండర్" అని పెట్టిన, తెలివి చూడండి. పద్దెనిమిది మందిని ఆడ్ చేసిన. ఎవరి నంబర్ ఎవరికైనా కనవడుతది అన్న సోయి లేదు. ఆ రాత్రే ఒక తమ్ముడు ఫోన్ చేసిండు, గ్రూపుల వాళ్ల చిన్నమ్మ కొడుకు గూడ ఉన్నడు, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెల్వదు. ఇంకో అక్క ఫోన్ ఆమె మొగుని చేతిల ఉండె. గ్రూపు డిలీట్ చేసి ఒక్కొక్కరి దగ్గరికి పోయి కాళ్లు పట్టుకున్నంత పనైంది, ఇద్దరు ఇప్పటికీ నాతోని మాట్లాడరు, వాళ్లది తప్పు కాదు.

ఇప్పుడు ఎవరికి వాళ్లకు విడిగ మెసేజ్, అది గూడ "టిఫిన్ అయిందా" అని. అయింది అంటే గోలీ వేసుకున్నట్టు. కాలేదు అంటే ఫోన్ చేస్తం. ఫోన్‌ల పేర్లు సేవ్ చేసే తీరు, ఫోటోలు తీయకపోవుడు, ఫండర్ వస్తున్నడని మీటింగుల పాజిటివ్ వాళ్లను నిలబెట్టి కథ చెప్పియ్యకపోవుడు, ఇయన్నీ మొదటి రోజే కూర్చొని మాట్లాడుకొని ఒప్పుకోండి. మీ గ్రూపుల ఎవరు పాజిటివో గ్రూపుల అందరికీ తెలియాల్సిన పని గూడ లేదు.

ఎవడన్న తరిమితే

2017 చట్టం ఉంది, హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్ల ఉంది. దాని ప్రకారం పాజిటివ్ అని ఉద్యోగం తీసేసుడు, బడిల చేర్చుకోకపోవుడు, వైద్యం చేయనీకి ఒప్పుకోకపోవుడు, ఇల్లు ఖాళీ చేయిచ్చుడు ఇయన్నీ నేరుగ నిషేధం. మనిషి ఒప్పుకోకుండ సంగతి బయటపెట్టుడు గూడ. రాష్ట్రానికి ఒక అంబుడ్స్‌మన్ ఉండాలె, ఫిర్యాదు వస్తే 30 రోజులల్ల, ప్రాణం మీదికొచ్చే కేసు అయితే 24 గంటలల్ల ఆర్డర్ ఇయ్యాలె.

మా అక్క ఒకామెకు ఆపరేషన్ కావాల్సి ఉండె, ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతోని పెద్దగ రాసి మంచానికి తగిలిచ్చిండ్రు, వార్డ్ బాయ్ దగ్గర్నుంచి క్యాంటీన్ పిల్లగాని దాక అందరూ చదివిండ్రు, తర్వాత థియేటర్ ఖాళీ లేదన్నరు. మేము లొల్లి చేయలేదు. తేదీ, టైమ్, ఎవరు ఏమన్నరో ఆ మాటనే రాసుకున్నం, కాగితం మీద "ఆపరేషన్ చేయము అని రాసి ఇయ్యండి" అని అడిగినం. రాసి ఇయ్యమంటే సగం మంది దిగొస్తరు, వాళ్లు గూడ సాయంత్రానికల్ల దిగొచ్చిండ్రు. అన్ని చోట్ల గట్ల అయితదని కాదు, గని అరిచేకంటే రాసుకునుడు ముందు. జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీల ఫ్రీగ వకీలు దొరుకతడు, ఒక్కసారి పోయి పరిచయం చేసుకొని పెట్టుకోండి, ఆపద వచ్చిన రోజు వెతుక్కునుడు కాదు.

మందు వాడుతున్న పేదోళ్లకు చేయూత (వెనకటి ఆసరా) పెన్షన్‌ల జాగ ఉంది, 2,016 రూపాయలు. అప్లై చేయిచ్చేటప్పుడు బస్తీ లీడర్ చేతుల మీదంగ పోనియ్యకండి.

పైసలు

ఒక్క ఫండర్ మీద ఇల్లు కట్టకండి. నారాయణగూడల 2021 జనవరిల మిత్ర్ క్లినిక్ తెరిచిండ్రు, దేశంల ట్రాన్స్ వాళ్ల కోసం మొట్టమొదటి క్లినిక్, నడిపేటోళ్లల్ల మనోళ్లే డాక్టర్, కౌన్సెలర్, అక్కడ కుర్చీల కూర్చుంటే ఎవ్వరూ కిందికి మీదికి చూడరు. 2025 జనవరిల అమెరికా యూఎస్ఎయిడ్ పైసలు ఆపేసింది, క్లినిక్ బంద్. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతోని సబ్‌రంగ్ అని మల్ల తెరిచిండ్రు, గని ఆ మధ్యల నెలలు ఎంత మంది ఎటు పోవాల్నో తెల్వక పరేషాన్ అయిండ్రో. వాషింగ్టన్‌ల సంతకం పెడితే నారాయణగూడల తాళం పడుతదని మేము అనుకోలేదు.

అందుకే నెలకు యాభయో వందో సొంత చీటీ లెక్క వేసుకోండి, ఆటో పైసలకు, చాయ్‌కు, ఒక అర్ధరాత్రి కేసుకు అయినా పనికొస్తయి. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే ఏడుగురు మనుషులు కావాలె, ఆ ఏడుగురిల కమ్యూనిటీ వాళ్లే ఎక్కువ ఉండాలె, సంతకం పవర్ గూడ వాళ్లదే ఉండాలె. ప్రెసిడెంట్ అని పేరుకు మన అక్కను పెట్టి చెక్ బుక్ ఎవరో సారు దగ్గర ఉండే సంఘాలు నేను చాలా చూసిన. రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు, ఏడాది పని చేసినంక చేసుకున్నా నడుస్తది.

ఇగ ఆ తమ్ముడు మొన్న మల్ల ఫోన్ చేసిండు, శనివారం మొదటిసారి బయటికి పోతున్నం, బ్యాగుల ఏమేం పెట్టుకోవాలె అని. కండోమ్‌లు, లూబ్ ప్యాకెట్లు, దగ్గర్ల ఉన్న ఐసీటీసీ టైమింగులు రాసిన చిన్న చీటీలు, మీద హెచ్ఐవీ అని లేకుండ, సుప్రీంకోర్టు జిరాక్స్ కాగితాలు, బ్యాండ్ ఎయిడ్లు, ఓఆర్ఎస్, నీళ్ల బాటిల్, ఒక పెన్ను. ఇంకా పవర్ బ్యాంకు, రెండు రకాల చార్జర్ వైర్లు. రాత్రి రోడ్డు మీద ఉన్నోళ్లకు ఫోన్ చచ్చిపోతే అన్నీ బంద్, కస్టమర్ నంబర్ గానీ ఆటో గానీ. చార్జింగ్ కోసమే వచ్చి పక్కన కూర్చుంటరు, పదిహేను ఇరవై నిమిషాలు, ఫోన్ ఎక్కేదాక.